కాపరుల సొంత మాంసం ప్లాంట్లు: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో వ్యాపారపు చిక్కులు

జీవాలను పెంచేవాళ్లే వాటాదారులై, వాటిని కోయించి, శుభ్రం చేయించి, చల్లబరిచి, ప్యాకెట్లలో పెట్టి అమ్మే కర్మాగారమే ఉత్పత్తిదారుల సొంత మాంసం ప్లాంటు. డెన్మార్క్‌లో పందుల రైతులు, న్యూజిలాండ్‌లో గొర్రెల రైతులు, అమెరికాలో పశువుల రైతులు ఇలాంటివి పెట్టారు. కొన్ని నిలిచాయి, చాలా పోయాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, 2022 ఏప్రిల్‌లో వాటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యంలో గొర్రెల పెంపకం తరాల నాటిది. గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలూ కొత్తవి కావు. అయినా ఈ రెండూ కలిసి కాపరుల సొంత మాంసం కర్మాగారంగా నిలదొక్కుకున్న దాఖలా చెప్పుకోదగ్గంతగా కనిపించదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు, మేకలు 55 లక్షలు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం. ఇంత మంద ఉన్నచోట ప్లాంటు ఎందుకు లేదని ఎవరిని అడిగినా పెట్టుబడి లేదని, శీతల గిడ్డంగులు లేవని, దళారులు బతకనివ్వరని జవాబొస్తుంది. ఇవన్నీ ఉన్న ఇబ్బందులే, కానీ అసలు చిక్కు వాటికంటే ముందుంది. ప్లాంటు బతకాలంటే రోజూ లెక్కగా జీవాలు రావాలి, వచ్చిన జీవానికి ఆ పూటే డబ్బు ఇవ్వగలగాలి. ఈ రెండూ కుదిరేదాకా కట్టడం, యంత్రాలు, సబ్సిడీ ఏవీ దాన్ని నిలబెట్టలేవు.

ఇక్కడి వ్యాపారం ఇప్పుడెలా సాగుతోందో చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. కాపరికి మంద ఒక ఆస్తి. ఆడజీవాలను ఉంచుకుంటాడు, పొట్టేళ్లను అవసరాన్ని బట్టి అమ్ముతాడు. పిల్ల ఫీజు కట్టాలన్నా, ఇంట్లో పెళ్లి వచ్చినా, ఆసుపత్రి ఖర్చు పడినా నాలుగు తలలు మందలోంచి బయటికి వస్తాయి. కోతలయ్యాక రైతు పొలంలో రాత్రి మంద కడితే ఎరువుకు ప్రతిఫలంగా ధాన్యమో డబ్బో వస్తుంది కాబట్టి, అమ్మకుండా ఇంకొన్నాళ్లు ఉంచుకోవడంలోనూ కొంత రాబడి ఉంది. కొనేవాడు ఊళ్లోకే వస్తాడు, లేదంటే జీవాలు సంతకు నడుస్తాయి. సంతలో కాటా ఉండదు. బేరగాడు జీవం నడుం మీద చెయ్యి వేసి, వెన్నుపూస పక్కన కండ ఎంత పట్టిందో వేళ్లతో ఒత్తి చూసి, తొడ పట్టుకుని, కిలోలు లెక్కగట్టి ధర పలుకుతాడు. ఈ చేతి అంచనా చాలాసార్లు అసలు బరువుకు దగ్గరగా వస్తుంది. ఆ నేర్పు కాపరికీ ఉంటుంది, కానీ డబ్బు తొందర కూడా అతనికే ఉంటుంది. బేరం అక్కడే తేలిపోతుంది.

ఆ జీవం ఆదివారం తెల్లవారుజామున మటన్ కొట్టు ముందు తెగుతుంది. ప్లాంటు పోటీ పడాల్సింది ఈ కొట్టుతోనే, కాబట్టి దాని లెక్క కాస్త దగ్గరగా చూడాలి. బతికున్న 25 కిలోల పొట్టేలులో సగానికి కాస్త తక్కువగా, అంటే 11, 12 కిలోల మాంసం వస్తుంది. కొట్టువాడికి ఆదాయం ఆ మాంసంతో ఆగిపోదు. తలకాయ, కాళ్లు కాల్చి అమ్ముతాడు. బోటి, కార్జం, గుండెకాయ వేరే ధర పలుకుతాయి. నెత్తురు కూడా వండుకునేవాళ్లున్నారు. తోలు మద్రాసు వైపు తోళ్ల కార్ఖానాలకు చేరే దారిలో మొదటి చేతికి వెళ్తుంది. మధ్యాహ్నం లోపే అంతా ఖాళీ. కరెంటు బిల్లు లేదు, ఫ్రిజ్ లేదు, నెల జీతగాడు లేడు, అమ్ముడుపోని సరుకు లేదు. కొనేవాడు తన కళ్ల ముందే తొడ నుంచి ముక్క కొట్టించుకుంటాడు. శుభ్రతలో ఈ కొట్టును సమర్థించడం కష్టం. ఖర్చు తక్కువలో మాత్రం దీన్ని మించింది లేదు. ప్లాంటు కట్టాలనుకునేవాళ్లు దీన్ని వెనకబాటుతనంగా చూసి తక్కువ అంచనా వేస్తారు, తర్వాత దీని చేతిలోనే ఓడిపోతారు.

ప్లాంటు రోజూ నడవాలి. తినేవాళ్లు మాత్రం రోజూ తినరు. ఉత్తరాంధ్రలో మటన్ ప్రధానంగా ఆదివారం కూర. సోమ, శనివారాలు చాలా ఇళ్లల్లో నీచు ముట్టరు. కార్తీకమాసమంతా అమ్మకం పడిపోతుంది. మరోవైపు దసరా, కనుమ పండుగలకు, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి, మక్కువ మండలంలో శంబర పోలమాంబ జాతరకు, ఊరూరి గ్రామదేవతల పండుగలకు గిరాకీ ఒక్కసారి ఎగబాకుతుంది. ఆ రోజుల్లో జనం కొనేది మాంసం కాదు, మొక్కు తీర్చుకోవడానికి బతికున్న పొట్టేలు. ప్యాకెట్ మాంసం అమ్మవారికి అక్కరకు రాదు. అంటే ధర బాగా ఉన్న రోజుల్లో జీవాలు ప్లాంటు వైపు చూడవు, ధర పడిపోయిన రోజుల్లో కాపరులంతా ప్లాంటు గుమ్మం ముందు నిలబడతారు. సభ్యుల సొంత సంస్థ కాబట్టి వద్దని పంపేయనూ లేదు. కార్తీకంలో కొనిపెట్టుకున్న మాంసాన్ని గడ్డకట్టించి దాచితే ఖర్చు పెరుగుతుంది. పైగా ఇక్కడి కొనుగోలుదారు గడ్డకట్టిన మాంసాన్ని తాజా మాంసం ధరకు కొనడు.

సరఫరా విషయంలో చిన్న కూడికలు, గుణకారాలు చేస్తే చాలు, విషయం బోధపడుతుంది. రోజుకు నూరు తలలు కోసే మధ్యరకం ప్లాంటు ఏడాదిలో మూడొందల రోజులు నడిస్తే 30,000 జీవాలు కావాలి. జీవాల పంపిణీకి 2020 డిసెంబరులో మొదలైన జగనన్న జీవక్రాంతి పథకంలో ఒక యూనిట్ అంటే 14 ఆడజీవాలు, ఒక పొట్టేలు, ధర రూ.75,000గా ఉండేది. ఆ 14 ఆడజీవాలకు ఏడాదిలో 12 పిల్లలు బతికి బట్టకట్టాయనుకుంటే వాటిలో ఆరు మగవి. అంటే ఇలాంటి ఇళ్లు 5,000 ఉండి, ప్రతి ఇల్లూ ప్రతి మగపిల్లనూ ప్లాంటుకే ఇస్తే ఆ ప్లాంటు నిండుతుంది. డెబ్బై ఆడజీవాల పెద్ద మందలైతే వెయ్యి మందలు సరిపోతాయి. సభ్యులు సగం జీవాలే ఇస్తే రెండువేల మందలు కావాలి. చిటుకు రోగమో, పారుడు రోగంగా పిలిచే పీపీఆరో ఒక్కసారి మందలో పడితే ఈ లెక్క తలకిందులే. సగం సామర్థ్యంతో నడిచే ప్లాంటుకు కరెంటు, జీతాలు, వడ్డీ సగం కావు. ఒక్కో కిలో మీద పడే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. ఆ పెరిగిన ఖర్చు తీసేశాక కాపరికి ఇచ్చే ధర సంత ధరకంటే తగ్గుతుంది. తగ్గిన ధరకు జీవాలు ఇంకా తక్కువ వస్తాయి. నష్టం ఇలా తనను తానే పెంచుకుంటుంది.

ఇక్కడ పాల ఉదాహరణ ఎదురవుతుంది. ఉత్తరాంధ్ర మూడు ఉమ్మడి జిల్లాల్లో పాలు సేకరించిన విశాఖ డెయిరీ సహకార సంఘంగా మొదలై, పరస్పర సహాయక సంఘంగా, ఆ తర్వాత ఉత్పత్తిదారుల కంపెనీగా మారి ఇంత పెద్దదైంది కదా, పాలకు కుదిరింది మాంసానికి ఎందుకు కుదరదని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పాలు పితికిన కొన్ని గంటల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే విరిగిపోతాయి. అందువల్ల రైతుకు రోజూ అదే కేంద్రానికి వెళ్లడం తప్పదు, సంస్థకు రోజూ సరుకు తప్పదు. పాడి రైతు చేసే చిన్న చిన్న అమ్మకాలు ఏడాదికి వందల సంఖ్యలో ఉంటాయి, ఒకదాంట్లో మోసపోయినా మరోదాంట్లో సర్దుకుంటుంది. కాపరికి ఏడాదిలో అమ్మకాలు పట్టుమని పది ఉంటాయి. ఒక్కో అమ్మకం వెనక ఒక్కో పెద్ద అవసరం ఉంటుంది. పొట్టేలు ఈ నెల అమ్మకపోతే వచ్చే నెల ఇంకో కిలో పెరుగుతుంది. ఆగగలిగిన సరుకు ఉన్నవాడికి విధేయత అవసరం లేదు. పాల సంఘం విజయానికి సభ్యుల ఐకమత్యాన్నే కారణంగా చెప్పడం మన అలవాటు. పాలు నిలవ ఉండకపోవడం కూడా అంతే పెద్ద కారణం.

పాలకంటే చెరకు ఈ ప్రాంతానికి ఇంకా దగ్గరి పాఠం. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం, విజయనగరం జిల్లా జామి మండలం భీమసింగిలో విజయరామ గజపతి సహకార చక్కెర కర్మాగారం రైతుల వాటాలతో నిలిచిన సంస్థలు. మొదటిది రెండు దశాబ్దాల కిందటే మూతపడింది. రెండోది ఇటీవలి దాకా కుంటుతూ నడిచి గానుగ ఆపేసింది. పాత యంత్రాలు, అప్పులు, రాజకీయ జోక్యం అని కారణాలు చెబుతారు, కాదనలేం. కానీ ఆ కర్మాగారాలకు మాంసం ప్లాంటుకు కలలో కూడా దొరకని రక్షణ ఒకటుండేది. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం కింద ఫలానా ఊళ్ల చెరకు ఫలానా కర్మాగారానికే అని ప్రాంతాలు కేటాయించే వీలుంది. నరికిన చెరకు ఎండిపోతుంది కాబట్టి రైతు ఎక్కువ రోజులు ఆగలేడు కూడా. అయినా బిల్లులు ఆలస్యమయ్యేసరికి రైతులు బెల్లం వైపు, వేరే పంటల వైపు మళ్లారు. చెరకు తగ్గి గానుగ రోజులు తగ్గాయి, ఖర్చు పెరిగింది, బిల్లులు ఇంకా ఆలస్యమయ్యాయి. చట్టం కాపలా ఉన్న చెరకే గేటు దాటిపోతే, తన కాళ్ల మీద తాను సంతకు నడిచివెళ్లే గొర్రెను ఏ సంఘం ఆపగలదు?

అందుకే రోజువారీ డబ్బు ఈ వ్యాపారానికి గుండెకాయ. ఒక్కో జీవానికి పదివేలు అనుకుంటే నూరు తలలకు రోజుకు పదిలక్షలు. హోటళ్లు, సూపర్ మార్కెట్లు, హాస్టళ్లు నెల తిరిగాక డబ్బిస్తాయి. అంటే దాదాపు మూడు కోట్ల రూపాయలు ఎప్పుడూ వీధిలోనే ఉంటాయి. బ్యాంకు భవనానికి, యంత్రానికి అప్పిస్తుంది, ఎందుకంటే అవి తాకట్టుకు పనికొస్తాయి. రేపు ఉదయం కొనాల్సిన పొట్టేళ్లకు అప్పివ్వడానికి వెనకాడుతుంది. సంఘాలకు వచ్చే ప్రభుత్వ సాయమూ ఇలాగే కట్టడాలకూ జీవాల పంపిణీకే ఎక్కువ. శంకుస్థాపనకు ఫోటో ఉంటుంది, చేతిలో ఆడే డబ్బుకు ఫోటో ఉండదు. దళారిని తొలగిస్తే ఆ లాభమంతా కాపరికే కదా అనే వాదనకు కూడా ఇక్కడే జవాబుంది. దళారి చేసేది మోసం ఒక్కటే అయితే తొలగించడం తేలిక. అతను అక్కడికక్కడే నగదు ఇస్తాడు, కష్టకాలంలో ముందస్తుగా అప్పిస్తాడు, సన్నదీ లావుదీ కలిపి తీసుకుంటాడు, దారిలో చచ్చిన జీవం నష్టం తానే భరిస్తాడు. ఆ పనులన్నీ ప్లాంటు నెత్తిన పడితే వాటి ఖర్చూ దానిదే. అప్పు పెట్టిన బేరగాడికి తప్ప ఇంకొకరికి అమ్మే స్వేచ్ఛ చాలామంది కాపరులకు లేదు. సభ్యత్వ కార్డు ఇచ్చినంత మాత్రాన ఆ బాకీ తీరదు.

దక్షిణాదిలో దీనికి దగ్గరి ఉదాహరణ కేరళలోని వయనాడ్‌లో ఉంది. రైతుల కోసం పుట్టిన బ్రహ్మగిరి డెవలప్‌మెంట్ సొసైటీ సుల్తాన్ బత్తేరి దగ్గర మలబార్ మీట్ పేరుతో ఆధునిక ప్లాంటు నడిపింది. బ్రాండు ఉంది, దుకాణాలున్నాయి, మాంసం తినే మార్కెట్ పక్కనే ఉంది. చేతిలో ఆడే డబ్బు చాలక జనం నుంచి డిపాజిట్లు తీసుకుంది. చివరికి ప్లాంటు ఆగిపోయి, ఆ డిపాజిట్లు తిరిగివ్వడమే పెద్ద సమస్యైంది.

బయటి దేశాల్లో నిలబడినవి సరఫరా చిక్కును ముందే కట్టుదిట్టం చేసుకున్నాయి. డెన్మార్క్‌లో మొదటి సహకార వధశాల 1887లో హోర్సెన్స్‌లో మొదలైంది. బతికున్న పందుల దిగుమతిని జర్మనీ అడ్డుకోవడంతో రైతులకు ఇంగ్లండుకు బేకన్ పంపడమే దారైంది. అక్కడ చేరిన రైతు తన పందులన్నీ కొన్నేళ్ల పాటు సంఘానికే ఇస్తానని సంతకం పెట్టాలి. అమెరికాలో 1990ల చివర పుట్టిన యూఎస్ ప్రీమియం బీఫ్ ఇంకా కచ్చితంగా ఉండేది. వాటా కొన్నవాడికి ఏటా వాటాకో పశువు చొప్పున ఇచ్చే హక్కుతో పాటు ఇచ్చి తీరాల్సిన బాధ్యత కూడా వచ్చేది. అది కొత్త ప్లాంటు కట్టలేదు, నడుస్తున్న నేషనల్ బీఫ్ కంపెనీలో వాటా కొంది. అదే దేశంలో ఇల్లినాయ్ రైతులు 2004లో రాంటూల్‌లో సొంతంగా తెరిచిన మెడోబ్రూక్ ఫామ్స్ పంది మాంసం ప్లాంటు దశాబ్దం తిరక్కముందే మూతపడింది. పెద్ద కంపెనీల ప్లాంట్ల ముందు దాని పరిమాణం చిన్నది.

అయితే ఒప్పందాలున్నా పెట్టుబడి కొరత వదలదు. న్యూజిలాండ్‌లో 1980ల మొదట్లో ఏడు కోట్లున్న గొర్రెలు ఇప్పుడు మూడో వంతుకు దిగాయి. జీవాలు తగ్గి ప్లాంట్లు మిగిలిపోయాయి. 2016లో సిల్వర్ ఫెర్న్ ఫామ్స్ సగం వాటాను షాంఘై మేలింగ్‌కు అమ్ముకుంది. 1948 నుంచి పూర్తిగా రైతుల చేతుల్లో ఉన్న అలయన్స్ గ్రూప్‌లో 65 శాతం వాటాను 2025లో ఐర్లాండ్‌కు చెందిన డాన్ మీట్స్‌కు ఇవ్వడానికి రైతు వాటాదారులే ఓటేశారు. మన చట్టం ఈ దారిని కూడా మూసి ఉంచింది. ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాలు ఉత్పత్తిదారులకే పరిమితం, వాటిని బజార్లో అమ్మడానికి లేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ పెత్తనం నుంచి స్వేచ్ఛ ఇచ్చింది గానీ డబ్బు ఇవ్వలేదు. సభ్యుడి పేదరికమే సంస్థ మూలధనానికి హద్దు. ఇది సంస్థను పరాయిపాలు కాకుండా కాపాడుతుంది, అదే సమయంలో చిన్నదిగానే ఉంచుతుంది. ఈ రెండింటిలో ఏది ముఖ్యమో ముందే తేల్చుకోకుండా ప్రాజెక్టు నివేదికలు రాయడం సరికాదు.

నియమాలు చిన్న ప్లాంటుకు ఒకలా, పెద్దదానికి ఒకలా పనిచేస్తాయి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం రోజుకు పది చిన్న జీవాల వరకూ కోసేచోట నమోదు చాలు, 150 వరకూ రాష్ట్ర లైసెన్సు, ఆ పైన కేంద్ర లైసెన్సు. 2001 నాటి వధశాల నియమాలు వధకు ముందు పశువైద్యుడి పరీక్షను తప్పనిసరి చేశాయి. ఒక డాక్టరు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడకూడదు. రోజుకు నూరు తలల ప్లాంటుకు ఒక్క డాక్టరు చాలడన్నమాట. పల్లె పశువైద్యశాలల్లోనే ఖాళీలుండే చోట ఇద్దరిని దొరకబుచ్చుకోవాలి. కొట్టు ముందు తెగే జీవానికి ఈ పరీక్ష ఎంతవరకు జరుగుతుందో అందరికీ తెలిసిందే. నియమం పాటించేవాడికి ఖర్చు, పాటించనివాడికి లాభం. పన్నులోనూ అంతే. తాజా మాంసానికి జీఎస్టీ లేదు, గడ్డకట్టించి ప్యాకెట్ కట్టి లేబుల్ వేసినదానికి ఉంది. వీటికి తోడు తీరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాన్ల తర్వాత ఈ జిల్లాల్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. రెండూ దసరా రోజులకు దగ్గరగా వచ్చినవే. జనరేటరుకు డీజిల్ ఖర్చు లెక్కలో రాయని శీతల గిడ్డంగి ఇక్కడ జూదమే.

ఎగుమతి చేస్తే మంచి ధర వస్తుందనేది మరో ఆశ. భారతదేశం ఎగుమతి చేసే మాంసంలో సింహభాగం గేదె మాంసం. సంగారెడ్డి జిల్లా రుద్రారంలోని అల్ కబీర్ లాంటి ప్రైవేటు ప్లాంట్లు ఆ దారిలో నడిచాయి, ఏళ్ల తరబడి సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు మోశాయి. గొర్రె మాంసం కథ వేరు. తెలుగు రాష్ట్రాల్లో మటన్ ధర ఎంత ఎక్కువంటే, బయటికి పంపడం కంటే ఇక్కడే అమ్మడం లాభం. ఆ ఎక్కువ ధరకు కూడా పైకప్పు ఉంది. మటన్ మరీ పెరిగితే ఇంటి యజమాని కోడి వైపు తిరుగుతాడు. కోళ్ల వ్యాపారంలో పిల్ల, మేత, మందు, కొనుగోలు అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి, ఖర్చు తగ్గించడంలో వాళ్లది ఆరితేరిన చెయ్యి.

ఇదంతా కాపరులు ఎప్పటికీ ప్లాంటు జోలికి వెళ్లకూడదన్నంత నిరాశగా వినిపించవచ్చు. అలా కాదు. క్రమం మార్చాలన్నదే ఈ వాదన. మధ్యప్రదేశ్‌లోని కేస్లా ప్రాంతంలో ప్రదాన్ సంస్థ తోడ్పాటుతో ఆదివాసీ మహిళలు కట్టుకున్న కోళ్ల సంఘాలు ముందు కోడిపిల్లలు, మేత, వైద్యం, అమ్మకం కలిపి చేసుకున్నాయి. బజారు ధర ఊగిసలాటను సంఘం భరించి, పెంపకంలో చూపిన నేర్పును బట్టి సభ్యురాలికి డబ్బిచ్చింది. కోసి ప్యాకెట్ కట్టడం వాళ్ల మొదటి అడుగు కాదు. ఇక్కడ మొదటి అడుగు ఊళ్లో ఒక ఎలక్ట్రానిక్ కాటా కావచ్చు, చేతి అంచనాకు బదులు కిలో లెక్కన బేరం మొదలవుతుంది. రెండోది బేరగాడి అప్పును తీర్చేందుకు సంఘం ఇచ్చే చిన్న అప్పు, బదులుగా ఏడాదికి ఇన్ని పొట్టేళ్లు అని రాతపూర్వక ఒప్పందం. పేదవాడి మీద ఒప్పందం రుద్దడం అన్యాయమనే అభ్యంతరం వస్తుంది. అతను ఇప్పటికే బేరగాడికి కట్టుబడి ఉన్నాడు, కాగితం లేకుండా, తన ధర తాను చెప్పుకునే వీలు లేకుండా. మందలో కొన్నిటినే ఒప్పందంలో పెట్టి, మిగతావి జాతర బేరానికి వదిలేస్తే అతని అవసరమూ గడుస్తుంది.

హైదరాబాద్ శివారు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ చిన్న సంఘాలకు పనికొచ్చే, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించగల కోత, అమ్మకపు యూనిట్‌ను రూపొందించింది. రోజుకు పది తలల నమోదు పరిధిలోనే అలాంటిది నడపొచ్చు. ఆదివారం పది, బుధవారం నాలుగు, కార్తీకంలో మూత అన్నా దానికి చెల్లుతుంది, ఎందుకంటే వడ్డీ భారం తక్కువ. తలకాయ, కాళ్లు, బోటి అక్కడే అమ్ముడుపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో పరీక్ష ముద్ర ఉన్న మాంసానికి కిలోకు కాస్త ఎక్కువ ఇచ్చేవాళ్లు ఎందరో రెండేళ్ల అమ్మకాల పుస్తకం చూపిస్తుంది. పెద్ద ప్లాంటుకు అప్పు అడగాల్సింది ఆ పుస్తకం పట్టుకుని. అప్పుడైనా బ్యాంకు మేనేజరు మొదట చూడాల్సింది భవనం నమూనా కాదు, కార్తీకమాసంలో సంఘం కాపరులకు ఎన్ని రోజుల్లో డబ్బిచ్చిందన్న పేజీ.